ముందు తీరం... చివర మోటారు

తెరచాప పడవలో తీరం వెంట విహరించేవారికి రోజూ పని పడేది వెనక కట్టుకున్న డింగీ అనే చిన్న పడవతోనే. దాన్ని ఎంచుకునేటప్పుడు చాలామంది మోటారుతో మొదలుపెడతారు. లెక్కలన్నీ వేసి చూస్తే మోటారు వంతు రావాల్సింది ఆఖరున.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరిన తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి, ఆరుగురు భారత నౌకాదళ మహిళా అధికారులతో భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి గోవా చేరింది. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. అందుకే తెరచాప పడవ ప్రయాణం అనగానే మనకు మహాసముద్రాలు, తుపాన్లు, వారాల తరబడి కంటికి ఆనని నేల గుర్తొస్తాయి. తెరచాప పడవలున్నవారిలో చాలామంది చేసేది అలాంటి ప్రయాణం కాదు. పగలు నాలుగైదు గంటలు గాలివాటున సాగి, పొద్దు వాలేసరికి ఏ ద్వీపం చాటునో లంగరు వేసి, మర్నాడు మరో చోటికి కదలడం వారి పద్ధతి. తారిణి లాంటి పడవ రేవు నుంచి రేవుకు పోతుంది, గట్టుకు ఆనుకుని నిలుస్తుంది, దిగితే నేలే. తీర విహారంలో ఆ సదుపాయం చాలాచోట్ల ఉండదు. పది, పదకొండు మీటర్ల పడవకు అడుగున కీల్ అనే పలక ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల లోతుకు దిగి ఉంటుంది. అది ఒడ్డుకు రెండు, మూడు వందల మీటర్ల ఇవతలే ఆగిపోవాలి. అక్కణ్నుంచి మనుషులు, మంచినీళ్లు, కూరగాయలు, చెత్త సంచులు అన్నీ అటూ ఇటూ తిరిగేది డింగీలోనే.

ఇంత పని చేసే పడవను కొనేటప్పుడు జనం అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని హార్స్‌పవర్ మోటారు తీసుకోవాలి?’ అని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఏ ఒడ్డున దిగాలో, ఎవరు దిగాలో, ఏ పడవో తేలకముందే మోటారు ఖాయమైపోతుంది. ఆ మోటారును మోయగల పడవ, ఆ పడవను ఎత్తగల క్రేను, ఆ క్రేనును ఆపగల కమ్మీలు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరతాయి. ఈ వరసను తిరగేయాలన్నది ఈ వ్యాసం వాదన. ముందు దిగబోయే తీరాన్ని చూడాలి, తర్వాత పడవను మోయాల్సిన మనిషిని చూడాలి, ఆ రెండింటికీ నప్పే డింగీని ఎంచుకోవాలి. ఇవన్నీ తేలాక మిగిలిన ఖాళీలో ఏ మోటారు పడితే అదే సరైనది. ఈ వరసలో వెళితే చాలామందికి చిన్న మోటారే సరిపోతుంది.

మాట గాల్లో తేలిపోకుండా ఒక తీరాన్ని పట్టుకుందాం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికీ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకూ మధ్య, వాంకూవర్ ద్వీపం చాటున పరుచుకున్న సేలిష్ సముద్రం అది. శాన్ హ్వాన్ ద్వీపాలు, గల్ఫ్ ద్వీపాలు, ఉత్తరాన డెసొలేషన్ సౌండ్... తీర విహారానికి పేరుమోసిన చోట్లు. సియాటిల్ పక్కన బెల్‌వ్యూ, రెడ్మండ్ పరిసరాల్లో మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాలతో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది సొంత పెరటి సముద్రమే. అనకోర్టెస్, బెల్లింగ్‌హామ్ రేవుల్లో తెరచాప పడవలు వారానికింతని అద్దెకు దొరుకుతాయి. అద్దె పడవతోపాటు డింగీ, మోటారు కూడా ఇస్తారు. కొనేవారికే కాదు, అద్దెకు తీసుకునేవారికీ ఏది అడగాలో తెలిసి ఉండటం మంచిది.

తీరం గీసే కొలత

తీరమే పడవను తీర్చిదిద్దుతుందన్నది మనకు కొత్త సంగతి కాదు. ఆంధ్ర తీరంలో చాలా భాగం చాటు లేని ఇసుకతిన్నె. కెరటం నేరుగా వచ్చి విరిగిపడుతుంది. బోలుగా ఉండే పడవ ఆ కెరటంలో నీళ్లు నిండి మునుగుతుంది కాబట్టి మన మత్స్యకారులు దుంగలు కట్టి తెప్ప చేసుకున్నారు. నీళ్లు దుంగల సందుల్లోంచి కారిపోతాయి, తెప్ప తేలుతూనే ఉంటుంది, ఒడ్డుకు చేరాక కట్లు విప్పి ఆరబెట్టుకోవచ్చు. కెరటాలు విరిగే ఒడ్డుకు అంతకంటే తెలివైన జవాబు అరుదు. అదే తెప్పను చలినీళ్ల సముద్రంలో కుటుంబాన్ని ఒడ్డుకు చేర్చడానికి వాడితే నడుం దాకా తడిసి వణకాల్సిందే. అన్ని తీరాలకూ పనికొచ్చే పడవ లేదు.

సేలిష్ సముద్రం తీరాన్ని నిర్ణయించేవి నాలుగు. ఒకటి, ఆటుపోట్లు. పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం మూడు నుంచి ఐదు మీటర్ల దాకా మారుతుంది. పైగా అక్కడ వేసవిలో నీరు బాగా వెనక్కి తీసేది పట్టపగలే. అంటే జనం విహారానికి వచ్చే నెలల్లో, ఒడ్డుకు దిగే వేళకే సముద్రం చాలా వెనక్కి జరిగి ఉంటుంది. డింగీని నీటి అంచున వదిలితే పోటు వచ్చి ఎత్తుకుపోతుంది. అందుకే రాళ్ల మీదుగా పదులకొద్దీ మీటర్లు పైకి మోయాలి. రెండు, ఆ రాళ్లే. వాటికి గరుకు గుల్లలు అతుక్కుని ఉంటాయి. డెసొలేషన్ సౌండ్ వైపు వెళితే, ఒకప్పుడు జపాన్ నుంచి తెచ్చి పెంచిన పసిఫిక్ ఆల్చిప్పలు గట్లంతా పరుచుకుని ఉంటాయి. వాటి అంచు కత్తిలా కోస్తుంది. మూడు, చలి. శాన్ హ్వాన్ ద్వీపాల మధ్య నీరు నడివేసవిలోనూ పది, పన్నెండు డిగ్రీల దగ్గరే ఉంటుంది. నాలుగు, లోతు. ఉత్తరాన కొండలు నిట్టనిలువుగా నీళ్లలోకి దిగుతాయి. లంగరు వేశాక పడవ వెనక భాగం నుంచి ఒడ్డున చెట్టుకో, రాతికి బిగించిన గొలుసుకో తాడు కట్టి పడవను నిలపాలి. ఆ తాడును ఒడ్డుకు లాక్కెళ్లేది డింగీ. తాడు వదులుతూ వెళ్లే పనికి తిరిగే ప్రొపెల్లరు ప్రమాదం. తెడ్లే మేలు.

ఈ నాలుగింటినీ ముందు పెట్టుకుని బజారులోని మూడు రకాల డింగీలను చూద్దాం. గట్టి డింగీ అంటే ఫైబర్‌గ్లాసుతోనో ప్లైవుడ్‌తోనో చేసిన ఎనిమిది అడుగుల చిన్న పడవ. బరువు 35 నుంచి 55 కిలోల మధ్య. ఆల్చిప్పకు బెదరదు, తెడ్లు వేస్తే తిన్నగా సాగుతుంది, దశాబ్దాలు మన్నుతుంది. దాని లోపం తూగు. అంచు మీద కాలు పెడితే ఒరిగిపోతుంది. రెండోది పూర్తిగా గాలి నింపే డింగీ. పాతిక, ముప్పై కిలోల్లో వస్తుంది, మడిచి అరలో పెట్టేయొచ్చు, పిల్లలూ పెద్దలూ ఎక్కినా కదలకుండా నిలుస్తుంది. ఆల్చిప్పల గట్టున దానికి ఆయుష్షు తక్కువ, ఎదురుగాలికి తెడ్లు వేయడం దండగమారి శ్రమ. మూడోది రిబ్. అడుగు ఫైబర్‌గ్లాసుతోనో అల్యూమినియంతోనో గట్టిగా ఉండి, చుట్టూ గాలిగొట్టం ఉంటుంది. ఫైబర్‌గ్లాసు అడుగుతో మూడు మీటర్ల రిబ్ 55 నుంచి 70 కిలోలు తూగితే, అల్యూమినియం అడుగుతో 40, 50 కిలోల్లో వస్తుంది. రాళ్ల మీద ఈడ్చినా అల్యూమినియం సొట్ట పడుతుందే కానీ పగలదు. ఈ తీరానికి పోటీ గట్టి డింగీకీ, తేలికైన అల్యూమినియం రిబ్‌కూ మధ్యే.

గొట్టం దేనితో చేశారన్న ప్రశ్నకూ జవాబు తీరమే చెబుతుంది. పీవీసీ చవక, ఎండకు పెళుసెక్కుతుంది. హైపలాన్ పేరుతో పిలిచే రబ్బరు బట్ట ఖరీదు, ఎండను ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. డ్యూపాంట్ కంపెనీ ఆ పేరుతో తయారీని ఎప్పుడో ఆపేసినా, అదే రకం బట్టను ఇతరులు తయారుచేస్తున్నారు, పాత పేరే వాడుకలో ఉంది. కరీబియన్ ఎండల్లో ఏడాది పొడవునా తేలే పడవకు హైపలాన్ ఖర్చు గిట్టుబాటు. ఏడాదిలో సగం మబ్బు పట్టి ఉండే సియాటిల్ వైపు, వేసవిలో నాలుగు వారాలు వాడి తక్కిన రోజులు కప్పి ఉంచే పడవకు పీవీసీ చాలు.

ఎవరు మోస్తారు?

అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ బరువులెత్తే పనివాళ్ల కోసం ఒక సూత్రం రూపొందించింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే గట్టి నేల మీద నిలబడి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, నడుం తిప్పకుండా ఎత్తేటప్పుడు ఆ సూత్రం ఒప్పుకునే గరిష్ఠ బరువు 23 కిలోలు. చేతులు చాచినా, నడుం తిప్పినా, పట్టు సరిగా దొరక్కపోయినా ఆ అంకె తగ్గుతూ పోతుంది. ఇప్పుడు డింగీ మోటారు ఎత్తే తీరు ఊహించుకోండి. ఊగే డింగీలో నిలబడి, ఇంకోలా ఊగే పెద్ద పడవ వెనక కమ్మీ మీదికి, చేతులు తల ఎత్తుకు చాచి, నూనె జిడ్డున్న యంత్రాన్ని అందించాలి. నియాష్ అనుకూల పరిస్థితుల్లో ఒక్కటీ ఇక్కడ లేదు.

మోటార్ల బరువులు చూడండి. ఇప్పుడు అమ్ముతున్న ఫోర్‌స్ట్రోక్ మోటార్లలో రెండు హార్స్‌పవర్‌కు కాస్త పైబడినది గాలితో చల్లబడే రకమైతే 14 కిలోల లోపే ఉంటుంది. మూడున్నర హార్స్‌పవర్‌ది 18 కిలోల దగ్గర, ఆరు హార్స్‌పవర్‌ది 26 దగ్గర, 9.8 హార్స్‌పవర్‌ది 37 దగ్గర ఉంటుంది. 15 హార్స్‌పవర్ మోటార్లు 45 కిలోల నుంచి 50 పైదాకా పోతాయి. మూడున్నర దాటగానే ఒక్క మనిషి ఎత్తదగిన హద్దు దాటిపోతున్నాం. 37 కిలోల మోటారుకు క్రేను, కప్పీ, కింద ఒకరు, పైన ఒకరు కావాలి. పైగా దానికి ఇంధనం విడి ట్యాంకులో ఉంటుంది. 12 లీటర్ల పెట్రోలు తొమ్మిది కిలోలు, ట్యాంకు బరువు అదనం. తీర విహారం చేసేవారిలో ఎక్కువమంది ఇద్దరే ఉంటారు, తరచూ నడివయసు దాటిన దంపతులు. వారిలో ఒకరికి నడుం పట్టేస్తే రెండోవారు ఒంటరిగా మోటారు దించగలరా అన్నదే అసలు పరీక్ష. దించలేకపోతే ఆ సాయంత్రం పడవలోనే గడపాలి.

పడవను ఎక్కడ పెడతారన్నదీ ఈ లెక్కలోకే వస్తుంది. వెనక తాడు కట్టి లాక్కెళ్లడం సులువే కానీ, ఆ లాగుడుకు పెద్ద పడవ వేగంలో అర నాట్ నుంచి ఒక నాట్ దాకా పోతుంది. వెనక నుంచి కెరటం లేస్తే డింగీ దూసుకొచ్చి పడవను గుద్దుతుంది, గాలి బలిసితే తిరగబడుతుంది. మోటారు తగిలించి ఉండగా తిరగబడితే మోటారు ఉప్పునీటి పాలు. వెనక ఇనుప చేతులకు వేలాడదీస్తే వాన నీళ్లు నిండుతాయి, బరువంతా పడవ కొసన పడుతుంది. ముందు డెక్కు మీద బోర్లించడం అన్నింటికంటే భద్రం. పది, పదకొండు మీటర్ల పడవల్లో తెరచాప స్తంభానికీ ముందు కొసకూ మధ్య దొరికే చోటు రెండున్నర మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. టేపు పట్టుకుని ఆ చోటు కొలిస్తే డింగీ పొడవు తేలిపోతుంది. దుకాణంలో చూసి ముచ్చటపడ్డ మూడు మీటర్ల రిబ్ చాలా పడవల్లో ఈ కొలత దగ్గరే వెనుదిరుగుతుంది.

వేగం తెచ్చే లాభమెంత?

నీటిని చీల్చుకుంటూ పోయే ఏ పడవకైనా పొడవును బట్టి ఒక వేగ పరిమితి ఉంటుంది. నీటి మీద ఆనిన పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.43తో గుణిస్తే నాట్లలో ఆ పరిమితి వస్తుంది. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 1.85 కిలోమీటర్లు. 2.4 మీటర్ల డింగీకి లెక్క కడితే 3.76 నాట్లు. ఆ వేగానికి రెండు, మూడు హార్స్‌పవర్ చాలు. ఆపైన ఎంత శక్తి పోసినా పడవ తాను లేపిన కెరటాన్నే ఎక్కలేక ముక్కు పైకెత్తి మొరాయిస్తుంది. ఆ కెరటాన్ని దాటి నీటి ఉపరితలం మీద జారుతూ పోయే స్థితికి, అంటే ప్లేనింగుకు చేరాలంటే ఒక్కసారిగా చాలా శక్తి కావాలి. తేలికైన రిబ్‌లో ఒక్కరే ఉంటే ఆరు హార్స్‌పవర్‌తో చేరొచ్చు. ఇద్దరు మనుషులు, సామాను ఉంటే తొమ్మిది, పది కావాలి. నలుగురైతే పదిహేను. ఈ మెట్టు సంగతి తెలియక ‘మధ్యస్తంగా ఉంటుందిలే’ అని నలుగురి కోసం ఆరు హార్స్‌పవర్ కొన్నవారు మూడు హార్స్‌పవర్ వేగంతోనే తిరుగుతూ, అదనపు బరువు మాత్రం మోస్తుంటారు.

మెట్టు ఎక్కితే దక్కేదెంత? లంగరు నుంచి ఒడ్డుకు 400 మీటర్లు అనుకుందాం. నాలుగు నాట్ల వేగంతో మూడుంబావు నిమిషాలు పడుతుంది. ప్లేనింగులో 15 నాట్లతో వెళితే 52 సెకన్లు. తేడా రెండున్నర నిమిషాల లోపు. 37 కిలోల మోటారును క్రేనుతో దించి బిగించే సమయం, 18 కిలోల మోటారును చేత్తో అందించే సమయం పోల్చి చూస్తే ఆ రెండున్నర నిమిషాలు అక్కడే ఖర్చయిపోతాయి. దూరం ఒక నాటికల్ మైలైతే తేడా 11 నిమిషాలు. ఐదు మైళ్లయితే 75 నిమిషాలకూ 20 నిమిషాలకూ ఉన్నంత. అంటే వేగం విలువ దూరంతో పెరుగుతుంది. సేలిష్ సముద్రంలో సూషా, జోన్స్, స్టువర్ట్ వంటి ద్వీపాల దగ్గర రాష్ట్ర ప్రభుత్వ సముద్ర ఉద్యానాలున్నాయి. లంగరు వేసే చోటు నుంచి అక్కడి ఒడ్డు కొన్ని వందల మీటర్లే. ఐదు మైళ్లు పోవాల్సివస్తే పెద్ద పడవనే కదిలించొచ్చు, అది ఉన్నది అందుకే.

మరి అందరి చూపూ పెద్ద మోటారు రిబ్ మీదే ఎందుకు? దాని పుట్టుకలో కొంత జవాబుంది. వేల్స్ తీరంలో సెయింట్ డొనాట్స్ కోటలో 1962లో మొదలైన అట్లాంటిక్ కాలేజీకి తొలి హెడ్‌మాస్టరు రియర్ అడ్మిరల్ డెస్మండ్ హోర్. ఆ కాలేజీ విద్యార్థులు తీరంలో రక్షణ విధులు నిర్వహించేవారు. గాలి పడవల అడుగు గులకరాళ్లకు చిరిగిపోతుంటే, హోర్, ఆయన విద్యార్థులు గట్టి అడుగు తగిలించి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. అలా రిబ్ పుట్టింది. బ్రిటన్ లైఫ్‌బోట్ సంస్థ ఆర్ఎన్ఎల్ఐ దాన్ని స్వీకరించి, అట్లాంటిక్ 21 పేరుతో 1972లో సేవలోకి తెచ్చింది. హోర్ తన పేటెంటును నామమాత్రంగా ఒక్క పౌండుకు ఇచ్చేశారు. అంటే ఇది కెరటాల మధ్య మునిగిపోతున్నవారి దగ్గరకు నిమిషాల్లో చేరడానికి రూపొందిన పడవ. ఆ పనికి వేగమే ప్రాణం. కూరగాయల సంచితో 400 మీటర్లు వెళ్లే పనికి అదే వేగాన్ని కొలబద్దగా తీసుకోవడం దగ్గరే తప్పటడుగు పడుతోంది. రిబ్ రూపాన్ని తీసుకుందాం, దాని మోటారు కొలతను లైఫ్‌బోట్లకే వదిలేద్దాం.

చిన్న, పెద్ద మోటార్ల మధ్య మెట్టును అమెరికా చట్టాలూ గుర్తించాయి. పెద్ద పడవకు తోడుగా ఒడ్డుకు రాకపోకలకు మాత్రమే వాడే డింగీకి మోటారు పది హార్స్‌పవర్ లోపుంటే, పెద్ద పడవ నంబరుకే చివర ‘1’ చేర్చి రాసుకుంటే సరిపోతుందని సమాఖ్య నిబంధన. వాషింగ్టన్ రాష్ట్రంలో 15 హార్స్‌పవర్, ఆపైన నడపాలంటే పడవ శిక్షణ కార్డు ఉండాలి. నడిపేవారు నీళ్లలో పడితే మోటారు ఆగిపోయేలా ఒంటికి తగిలించుకునే తాడు విషయంలో 2021 ఏప్రిల్ 1 నుంచి సమాఖ్య నిబంధన అమల్లో ఉంది. 26 అడుగుల లోపు పడవల్లో, మూడు హార్స్‌పవర్, ఆపైన మోటార్లకు అది వర్తిస్తుంది. పడవ ప్లేనింగులో ఉన్నప్పుడు ఆ తాడు తప్పనిసరి. 2013 మేలో ఇంగ్లండ్‌లోని పాడ్‌స్టో దగ్గర శక్తిమంతమైన రిబ్ నుంచి ఒక కుటుంబం మొత్తం నీళ్లలో పడింది. నడిపేవారికి తాడు తగిలించి లేకపోవడంతో పడవ సుళ్లు తిరుగుతూ వారి మీదికే వచ్చి ఇద్దరు చనిపోయారు. చిన్న మోటారుకూ ఆ తాడు తగిలించుకోవడం మంచిదే. కానీ వేగం పెరిగినకొద్దీ చిన్న మరుపుకు చెల్లించే మూల్యం పెరుగుతుంది.

పెట్రోలా, బ్యాటరీనా?

నార్వేలో పుట్టి మిల్వాకీలో స్థిరపడ్డ ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన అవుట్‌బోర్డ్ మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్‌కు 28 కిలోలు తూగేది. ఆ తర్వాత టూస్ట్రోక్ మోటార్లు బాగా తేలికపడ్డాయి కానీ, పాత కార్బురేటర్ రకాలు ఇంధనంలో పావువంతు దాకా కాలకుండానే నీళ్లలోకి వదిలేవి. అమెరికా, యూరప్ కాలుష్య నిబంధనలతో కొత్తవాటి అమ్మకం ఆగి ఫోర్‌స్ట్రోక్‌లు వచ్చాయి. నీరు బాగుపడింది, మోటారు బరువు పెరిగింది. 9.8 హార్స్‌పవర్ టూస్ట్రోక్ 26 కిలోలుండేది, ఫోర్‌స్ట్రోక్ 37. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ కూడా 2020లో నిలిచిపోయింది. పెద్ద మోటారే మేలన్న పాత సలహా తేలికైన టూస్ట్రోక్ రోజుల నాటిది. నేటి బరువులకు అది సరిపడదు.

చిన్న ఫోర్‌స్ట్రోక్‌కు అసలు శత్రువు వాడకం లేకపోవడం. అమెరికా పెట్రోలులో సాధారణంగా పది శాతం ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీలుస్తుంది, నెలల తరబడి నిలవుంటే కార్బురేటర్ సన్నని రంధ్రాల్లో జిగురు పేరుకుంటుంది. ఆపేముందు ఇంధనం మూసి కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా నడపడం, అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగడం అనే రెండు అలవాట్లు ఉంటే చాలా ఏళ్లు నడుస్తుంది. ఇక ఎలక్ట్రిక్. ఒక కిలోవాట్ తరగతి మోటారును తయారీదార్లు మూడు హార్స్‌పవర్ పెట్రోలు మోటారుకు సాటి అంటారు. బ్యాటరీ సామర్థ్యం ఒకటి నుంచి 1.3 కిలోవాట్ అవర్. పూర్తి వేగంతో గంట, గంటుంబావు నడుస్తుంది. నీటిలో వేగానికి కావాల్సిన శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, వేగం కాస్త తగ్గిస్తే బ్యాటరీ గంటల తరబడి వస్తుంది. రోజుకు 400 మీటర్ల రాకపోకలు నాలుగు సార్లు చేస్తే 3.2 కిలోమీటర్లు, రెండు నాటికల్ మైళ్ల లోపు. ఒక్క చార్జింగుతో సులువుగా అయిపోతుంది. బ్యాటరీ, దండం విడదీసి రెండుసార్లుగా అందించొచ్చు, పడవలో పెట్రోలు డబ్బా ఉంచే భయం పోతుంది. ధర మాత్రం అదే స్థాయి పెట్రోలు మోటారుకు సుమారు రెట్టింపు. మబ్బు రోజుల్లో సౌరఫలకంతో చార్జింగు నత్తనడకే. ఈ రంగంలో పేరున్న జర్మన్ సంస్థ టార్కీడోను 2024లో యమహా కొనుగోలు చేసింది. బ్యాటరీ డింగీ ఇక సరదా వస్తువు కాదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తీరానికి దగ్గరగా లంగరు వేసేవారికి అది సరిపోతుంది. రేవు ముఖం చూడకుండా రెండు వారాలు తిరిగేవారికి ఇప్పటికీ పెట్రోలే నమ్మకం.

ఎదురు వాదనల్లో బలమెంత?

గట్టి అభ్యంతరం భద్రతది. ద్వీపాల మధ్య ప్రవాహాలు మామూలువి కావు. డిసెప్షన్ పాస్ ఇరుకులో పోటు వేగం ఎనిమిది నాట్ల దాకా పోతుంది. నాలుగు నాట్ల డింగీ అక్కడేం చేస్తుంది? ఏమీ చేయలేదు. అలాంటి చోటికి డింగీలో వెళ్లకూడదన్నదే జవాబు. పోటు పట్టికలు ముందే అచ్చవుతాయి, నీరు నిలకడగా ఉండే వేళ చూసుకుని కదలాలి. పెద్ద మోటారు ఉందన్న ధైర్యంతో ప్రవాహంలోకి దిగినవారికి ఆ మోటారు ఆగిపోతే మిగిలేది తెడ్లే. 37 కిలోల మోటారు వేలాడుతున్న గాలి డింగీని తెడ్లతో ఎదురుగాలికి నడపడం దాదాపు అసాధ్యం. అందుకే భద్రతను మోటారు శక్తితో కాక, మోటారు ఆగాక ఇంటికి చేరగలమా అన్న ప్రశ్నతో కొలవాలి. చలినీళ్ల ప్రమాదం మీద మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెష్ట్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం 1-10-1. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు పనిచేసేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు గంట. అమెరికా కోస్ట్‌గార్డ్ వార్షిక నివేదికల్లో, కారణం తెలిసిన పడవ మరణాల్లో దాదాపు నాలుగింట మూడొంతులు నీట మునగడం వల్లే. అలా పోయినవారిలో 80 శాతానికి పైగా లైఫ్‌జాకెట్ వేసుకోనివారు. 400 మీటర్లే కదా అని జాకెట్ విప్పేసే చోటు డింగీయే. అదనపు హార్స్‌పవర్‌కు పెట్టే డబ్బులో కొంత మంచి జాకెట్లకూ, పొడవాటి తెడ్లకూ పెడితే భద్రత ఎక్కువ పెరుగుతుంది.

ఈ వాదనకు ఒక హద్దూ ఒప్పుకోవాలి. పాతిక నాట్ల ఎదురుగాలిలో ఇద్దరితో గాలి డింగీని నెట్టడానికి రెండు హార్స్‌పవర్ నిజంగానే చాలకపోవచ్చు. పైగా అతి చిన్న రకాల్లో రివర్స్ గేరు ఉండదు, మోటారును వెనక్కి తిప్పాలి, లోపలి ట్యాంకులో పట్టేది లీటరు దగ్గరే. అందుకే అన్నింటికంటే చిన్నది కొనమనడం లేదు. ఎత్తగలిగినంతలో పెద్దదైన మూడున్నర మేలంటున్నాను.

రెండో అభ్యంతరం కుటుంబాలది. ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉంటే గట్టి డింగీ ఒరుగుడు భయపెడుతుంది, ఒక్క ట్రిప్పులో అందరూ పట్టరు. ఒరుగుడు మాట నిజమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కే పడవకు గాలిగొట్టం ఉండాలి. ఈ కుటుంబానికి అల్యూమినియం రిబ్ సరైనది. ఒక్క ట్రిప్పు సంగతి వేరు. గట్టి అంచుల చిన్న పడవలకు అమెరికాలో వాడుకలో ఉన్న మోటు లెక్క ప్రకారం పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి 15తో భాగిస్తే ఎక్కదగిన మనుషుల సంఖ్య వస్తుంది. ఎనిమిదికి నాలుగడుగుల డింగీలో ఇద్దరే. రిబ్‌లో ఆరుగురిని రెండు, మూడు ట్రిప్పుల్లో చేర్చడం పదిహేను, ఇరవై నిమిషాల పని. ఒక్కసారే కుక్కి తీసుకెళ్లాలన్న తొందరలోనే పడవలు మునుగుతాయి.

మూడో అభ్యంతరం ప్రాంతాలది. బహామాస్‌లో నీరు లోతు తక్కువై పెద్ద పడవ ఒడ్డుకు మైలు దూరంలో ఆగిపోతుంది. చేపలు చూడటానికి పగడపు దిబ్బ దాకా మరో రెండు మైళ్లు పోవాలి. అక్కడ మూడున్నర హార్స్‌పవర్‌తో రోజంతా డింగీలోనే గడిచిపోతుంది. అక్కడ నివసించేవారు 15 హార్స్‌పవర్ రిబ్ కొంటే అది సరైన నిర్ణయమే. ఈ ఉదాహరణ నా వాదనను కొట్టేయదు, దానికే బలమిస్తుంది. ఆ నిర్ణయం ఆ తీరం చేసింది. వెచ్చటి నీరు, మెత్తటి ఇసుక, చిన్న ఆటుపోట్లు, పెద్ద దూరాలు కాబట్టి బరువు మోసే బాధ తగ్గి, వేగం విలువ పెరిగింది. అక్కడివారి సలహా చదివి సియాటిల్‌లో అదే కొనడమే పొరపాటు.

కాబట్టి సేలిష్ సముద్రంలో పదకొండు మీటర్ల లోపు పడవతో తిరిగే ఇద్దరు, ముగ్గురికి నా సిఫారసు ఇది. పిల్లలు, పెద్దలు తరచూ వస్తుంటే 2.7 మీటర్లకు అటూ ఇటూ ఉన్న అల్యూమినియం అడుగు రిబ్, ఇద్దరే అయితే ఎనిమిది అడుగుల గట్టి డింగీ. రెండింటికీ మూడున్నర హార్స్‌పవర్ పెట్రోలు మోటారో, ఒక కిలోవాట్ ఎలక్ట్రిక్ మోటారో చాలు. మోటారు దండం పొడవు డింగీ వెనక పలక ఎత్తుకు సరిపోవాలి, చాలా డింగీలకు 15 అంగుళాల రకమే సరిపోతుంది. తెడ్లు డింగీతో ఉచితంగా వచ్చిన పొట్టివి కాకుండా మనిషి ఎత్తుకు మించినవి ఉండాలి. అద్దెకు తీసుకునేవారు ఒప్పందం మీద సంతకం పెట్టేముందు మోటారును స్వయంగా ఒకసారి ఎత్తి దించి, తెడ్లతో రేవు చుట్టూ ఒక చక్కరు కొట్టి చూడాలి. అది తమవల్ల కాకపోతే చిన్న మోటారున్న డింగీ ఇవ్వమని అడగాలి.